దిల్ ఇంచులు

మోరీ అన్నానని నవ్వకండి. హైదరాబాద్‌లో మోరీ అంటే మురుగు కాలువ అని నాకూ తెలుసు. కానీ ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో మోరీ అంటే సల్వార్ కాలి అంచు, పాదం దూరే చోటు. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ పలికిన మాట కాబట్టి మొదటి అర్థం నాకు గుర్తుకే రాదు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకావిడని "మోరీ ఎంత పెట్టమంటరమ్మా" అని అడిగితే, ఆవిడ చెప్పులెత్తి ఏం తొక్కానా అని చూసుకుంది.

మధురానగర్‌లో మిషన్ నేర్పే సెంటర్ నుంచి ఒకమ్మాయి వచ్చి, కొత్త బ్యాచ్ వాళ్ళకి నాలుగు మాటలు చెప్పమంది. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని రాసిస్తానన్నాను. కత్తిరించడం, కుట్టడం మీ మేడం చక్కగా చెప్తుంది, అందులో నేను వేలు పెట్టను. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. అది కత్తెరతో చేసింది కాదు, నోటితో చేసింది. దాని వల్ల ఒక పిల్ల ఎనిమిది నెలలు కడుపు మాడ్చుకుంది.

మా దుకాణం అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల సందులో ఉండేది. పైన మూడంతస్తుల నిండా బోర్డులు, కింద మేము. ముగ్గురం పనిచేసేవాళ్ళం. కొలతలు తీసేది, గిరాకీతో మాట్లాడేది నేను. కటింగ్ చేసేది మాస్టర్. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, పాత బస్తీలో పుట్టి పెరిగిన మనిషి, మాట మెత్తన, కత్తెర పదును. కాజాలు, హెమ్మింగు చేసే అక్క రోజూ బోరబండ నుంచి బస్సులో వచ్చేది. మా పుట్టింటివాళ్ళు మగ్గం మనుషులు, కాబట్టి గుడ్డ గురించి నాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మనుషుల గురించి మాత్రం మాస్టరే నేర్పారు.

ఆయన నేర్పిన వాటిల్లో దిల్ ఇంచులు ఒకటి. కొలతలు తీసేటప్పుడు టైలరు అంకె పైకి చదవడం అలవాటు. దుకాణంలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. నడుము నలభై రెండు అని గట్టిగా చదివామనుకోండి, ఆ మనిషి ముఖం వాడిపోతుంది, మళ్ళీ మన గడప తొక్కదు. అందుకని నలభై అని చదివి, పుస్తకంలో నలభై రెండు రాయాలి. పైకి తగ్గించి చదివే ఆ రెండు ఇంచుల్ని మాస్టర్ దిల్ ఇంచులు అనేవారు. గుడ్డ మీద అవి ఉండవు, మనిషి దిల్ ఖుష్ చేయడానికే. నేనైతే ఆ విద్యలో మాస్టర్‌ని మించిపోయాను. మా దుకాణంలో కొలతలిచ్చి వెళ్ళిన ప్రతి ఆడమనిషీ లోపలికి వచ్చినప్పటికంటే సన్నగా బయటికి వెళ్ళేది.

ఇక ఆ పిల్ల. పన్నెండేళ్ళప్పుడు స్కూల్ యూనిఫాం కోసం వాళ్ళమ్మ తీసుకొచ్చింది. వాళ్ళిల్లు మధురానగర్‌లోనే. అప్పటి నుంచి వాళ్ళ బట్టలన్నీ మా దగ్గరే. చదువయ్యాక ఆ అమ్మాయి మా సందులోనే ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పనిలో చేరింది. రోజుకి ఆరు గంటలు నిలబడి చెప్పాలి. మంచి మాటకారి, ఎదుటివాళ్ళని నవ్వించే ముందు తనే నవ్వేసేది. దుకాణంలోకి వస్తే మిషన్లు కాసేపు ఆగేవి.

పై ఒళ్ళు మామూలుగానే ఉండేది. నడుము కింద నుంచి మాత్రం వేరే మనిషిని అతికించినట్టు రెండు కాళ్ళూ లావు. వయసుకొచ్చిన ఏడాది మొదలైంది అది. ఆ తర్వాత ప్రతి రెండేళ్ళకీ తొడల దగ్గర గుడ్డ పెంచుతూ వచ్చాము. వాళ్ళమ్మని అడిగితే "మా ఇంటి కాళ్ళే గంత అక్కా" అనేది. ఎత్తు ముక్కు, గిరజాల జుట్టు వచ్చినట్టే ఇదీ వచ్చిందనుకుని నేనూ వదిలేశాను.

ఆ పిల్లకి తొడ దగ్గర టేపు పెడితే ఉలిక్కిపడేది. నేను గట్టిగా లాగానేమోనని వదులు చేసినా అంతే. చక్కిలిగిలి కాబోలు అనుకున్నాను. ఒకసారి ట్రయల్ వేసుకున్నప్పుడు పిక్కల మీద నీలంగా కమిలిన మచ్చలు చూశాను, ఒకటి కాదు నాలుగైదు. ఏమైందంటే క్లాసులో బెంచీ తగిలిందంది. నమ్మలేదు నేను. కాజాల అక్కా నేనూ కలిసి వారం రోజులు వాళ్ళ నాన్న మీద అనుమానపడ్డాం. ఆయనో పరమ సాధువు, టైలర్ దుకాణం బయట కూడా చెప్పులు విడిచి వచ్చేవాడు. అయినా ఆయన బిల్లు కట్టడానికి వచ్చిన రోజు అక్క కసిగా కుర్చీ పక్కకి జరిపేసింది. ఆ పాపం ఇప్పటికీ మా ఖాతాలోనే ఉంది.

అప్పుడే ఆ పిల్ల బరువు తగ్గాలని పట్టుపట్టింది. నిలబడితే కాళ్ళు బరువెక్కి లాగుతున్నాయని, మెట్రో మెట్లు ఎక్కలేకపోతున్నానని ఒక డాక్టర్ దగ్గరికి వెళితే, ఆయన తల ఎత్తకుండానే బరువు తగ్గమని చెప్పి పంపాడట. పోనీలే, మంచి మాటే కదా అనుకుంది. నెలకోసారి నా దగ్గరికి వచ్చేది, నడుము దగ్గర వదులైంది, టైట్ చేయమని. నిజంగానే నడుము తగ్గుతోంది. పనిలో పనిగా తొడలు కూడా కొలవమనేది. నేను కొలిచి అంకె చెప్పేదాకా కదలకుండా నిలబడేది.

మొదటిసారి ఇరవై తొమ్మిది వచ్చింది. అలవాటు ప్రకారం ఇరవై ఏడు అన్నాను. రెండోసారి కూడా ఇరవై తొమ్మిదే. ఇప్పుడేం చెప్పాలి? మళ్ళీ ఇరవై ఏడు అంటే ఏమీ తగ్గలేదన్నట్టు. ఆ ముఖం చూడలేక ఇరవై ఆరున్నర అన్నాను. ఎంత సంతోషపడిందో చెప్పలేను, ఆ కేక అక్కకి, మాస్టర్‌కి, బయట కూర్చున్న గిరాకీకి కూడా వినిపించింది. ఆ తర్వాత నాకు దారి లేకపోయింది. వచ్చినప్పుడల్లా ఒక అర ఇంచు తగ్గించుకుంటూ పోయాను. ఎనిమిదో నెలకి నా నోట్లో ఆ తొడ ఇరవై మూడు. పుస్తకంలో ఇరవై తొమ్మిది.

ఇంట్లో టేపు ఉండదా అని మీరు అడుగుతారు. ఉంది. కొలుచుకుంది కూడా. ఎక్కువ వస్తే, తనకి టేపు పట్టుకోవడం రాదనుకుంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ఆంటీ తప్పు చెప్తుందా అనుకుంది.

ఒక రోజు పొద్దున క్లాసుకి వెళ్ళే ముందు వచ్చింది. కొలిచాను, చెప్పాల్సిన అబద్ధం చెప్పాను. "అయితే సాయంత్రంది సుత బంద్ చేస్తా ఆంటీ" అంది నవ్వుతూ. ఏది బంద్ చేస్తావని నేను అడిగేలోపే స్టూలు మీద కూర్చుంది, కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగింది. మాస్టర్ కత్తెర పడేసి పట్టుకున్నారు, లేకపోతే తల మిషన్‌కి తగిలేది. ముఖం మీద నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది. అక్క గబగబా చక్కెర నీళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టింది.

ఆ పిల్ల మూతి పక్కకి తిప్పి, "చక్కెర వద్దక్కా, మళ్ళ పెరుగుత" అంది.

నేను బెదిరించి, బతిమాలి అడిగితే చెప్పింది. పొద్దున ఒక గ్లాసు జావ. సాయంత్రం రెండు కీరదోసకాయలు. అంతే. ఎన్నాళ్ళ నుంచి అంటే ఎనిమిది నెలల నుంచి. "మస్తు ఆకలైతది ఆంటీ. కానీ మీరు కొలిచి చెప్తరు గదా, దాంతోటే ఆగుతున్న" అంది.

నా చేతిలో టేపు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు. ముప్పై ఏళ్ళలో ఎన్నో గుడ్డలు పాడు చేశాను, పెళ్ళి జాకెట్టు ఎడమ చెయ్యి కుడికి కుట్టాను, అవన్నీ నవ్వుకునే తప్పులు. ఇది అలాంటిది కాదని ఆ క్షణంలోనే తెలిసింది. అయినా ఆ రోజు నోరు విప్పలేదు. ఆటో ఎక్కించి ఇంటికి పంపాను.

ఆ మధ్యాహ్నం దుకాణం తలుపు సగం వేసి ముగ్గురం కూర్చున్నాం. మాస్టర్ కొలతల పుస్తకాలు దించారు, ఆ పిల్లవి పాత పేజీలన్నీ వరసగా పరిచారు. నన్ను ఒక్క మాట అనలేదు. దిల్ ఇంచులు నేర్పింది ఆయనే కదా, ఆయన ముఖం కూడా నా ముఖంలాగే ఉంది. వేలితో పేజీ మీద కిందికి గీస్తూ చూశారు. ఎనిమిది నెలల్లో నడుము ముప్పై ఆరు నుంచి ముప్పై ఒకటికి వచ్చింది. సీటు ఒక్క ఇంచు తగ్గింది. తొడ అంతే. పిక్క అంతే. మోరీ అయితే కాలేజీ రోజుల నుంచీ ఒకటే, పదకొండున్నర.

"ఇది చూడు బహెన్," అన్నారు మాస్టర్. "తిండి బంద్ చేస్తే మనిషి మొత్తం తగ్గాలె. గీ పిల్ల పైన ఎండిపోతుంది, కింద అట్లనే ఉంది. ఇది తిండితోటి వచ్చిన కొవ్వు కాదు, ఇంకేదో ఉన్నది."

బోదకాలేమో అన్నాను, భయం భయంగా. ఆ మాట మన దగ్గర ఎంత చెడ్డదో మీకు తెలుసు. అక్క వెంటనే కొట్టిపారేసింది. వాళ్ళ నాయనమ్మకి బోదకాలు ఉండేదట. "బోదకాలైతే పాదం సుత వాస్తది. మా నాయనమ్మకు ఒక్కటే కాలు, చెప్పు పట్టకపోతుండె. గీ పిల్ల చెప్పులు చూసినవా, చిన్నపిల్ల చెప్పులు. చీలమండ దాక లావున్నది, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయింది" అంది. పదిహేనేళ్ళు ఆ కాళ్ళకి మోరీ కొలిచిన నేను ఆ పాదాలని చూడలేదు. కింద కూర్చుని హెమ్మింగు చేసే అక్క రోజూ అందరి పాదాలే చూస్తుంది.

మాస్టర్ వాళ్ళింట్లో ఆవిడకి కాళ్ళలో నరాలు ఉబ్బితే, పంజగుట్టలో ఒక రక్తనాళాల డాక్టరమ్మ దగ్గర చూపిస్తున్నారు. కాళ్ళ జబ్బుల్లో ఆమెకి మంచి పేరు. అక్కడికి తీసుకెళ్ళమన్నారు. కానీ తీసుకెళ్ళాలంటే ముందు నేను నిజం చెప్పాలి.

మర్నాడు ఆ పిల్ల క్లాసు అయ్యాక పిలిపించాను. నేను చదివిన అంకెలు నిజం కావని, పుస్తకంలో ఉన్నవే నిజమని చెప్పాను. పేజీ చూపించాను. తను వేలు పెట్టి ఒక్కో తేదీ దగ్గర ఆగింది. ఆ తేదీల్లో నేను ఏం చెప్పానో తనకి గుర్తుంది.

"మరి నేనెందుకు తినకుండా ఉన్న ఆంటీ?" అంది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. డాక్టరమ్మ సంగతి మొదలుపెట్టేలోపే బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. కుట్టి పెట్టిన కుర్తా కూడా తీసుకోలేదు. వారం రోజులు మా సందులోకి రాకుండా వెనక సందులోంచి సెంటర్‌కి వెళ్ళింది. తింటోందో లేదో తెలియదు, ఎక్కడ పడిపోతుందో తెలియదు. మా ఆయన సనత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, విషయం విని, "తప్పు చేసినోళ్ళు దుకాణంల కూసుంటె అయితదా, ఇంటికి పో" అన్నారు. ఆయన నాకు సలహా ఇవ్వడం, అది నేను వినడం రెండూ అరుదే.

ఆదివారం పొద్దున పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల లోపలి గదిలోంచి రాలేదు. వాళ్ళమ్మ చాయ్ ఇచ్చింది. నేను అంతా చెప్పాను, స్పృహ తప్పిందని కూడా. ఆమెకి అదే తెలియదు. మొదట నా మీద కోపం వచ్చింది, తర్వాత కూతురి మీదకి మళ్ళింది. చిన్నప్పటి నుంచి నోరు కట్టుకోదని, తను ఎన్నిసార్లు కంచంలోంచి అన్నం తీసేసిందో లెక్కలేదని, ఇప్పుడు మాడి ఏం లాభమని అంది. బోదకాలని ఒకసారి పరీక్ష చేయించారట, లేదన్నారు. ఇంకేం చూపించాలి, మా ఇంటి కాళ్ళే ఇంత అని మళ్ళీ అదే మాట.

ఆ మాట ఈసారి నాకు వేరేలా వినిపించింది. ఆమె ఎప్పుడూ చీరలే కడుతుంది, కాళ్ళు నేనెప్పుడూ చూడలేదు. కానీ జాకెట్లు కుట్టింది నేనే. పుస్తకం తిప్పి ఆమె పేజీ తీశాను. ఛాతీ ముప్పై ఆరు. చేతి లూజు, అంటే పై చెయ్యి చుట్టుకొలత, పదహారున్నర. అంత ఛాతీకి అంత చెయ్యి ఉండదు. మోచేతి దాకా చేతులు పెట్టమని ఆమె ఎప్పుడూ ఎందుకు అడిగేదో, ఎండాకాలంలో కూడా కొంగు ఎందుకు కప్పుకునేదో అప్పుడు అర్థమైంది. మెల్లగా అడిగాను, చెయ్యి నొక్కితే నొప్పి ఉంటుందా అని.

"ఉండదా మరి, అందరికీ ఉంటది గదా?" అంది.

అందరికీ ఉండదని చెప్పాను. నా చెయ్యి ఆమె చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నాను. నొక్కింది. నేను నవ్వుతూ చూస్తుంటే, ఇంకోసారి నొక్కింది. ఆమెకి యాభై ఆరేళ్ళు అప్పుడు. అన్నేళ్ళూ ఆ నొప్పి అందరికీ ఉండేదేనని అనుకుంటూ బతికింది. ఎప్పుడు వచ్చిందో కానీ, ఆ పిల్ల గది గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది.

మంగళవారం తల్లీ, కూతురూ, నేనూ పంజగుట్ట వెళ్ళాం. డాక్టరమ్మది కోస్తా మాట. ఆ పిల్లని పడుకోబెట్టి తొడల నుంచి కిందికి నెమ్మదిగా చేత్తో చూసింది. రెండో కాలివేలి మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి పైకి లాగింది, అది తేలిగ్గానే లేచింది; బోదకాలు లాంటి వాపయితే అలా లేవదట. మచ్చలు చూసింది. ఎప్పుడు మొదలైంది, పాదాలు ఎప్పుడైనా వాచాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని వరసగా అడిగింది. నేను పుస్తకం ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తుంటే, అదేంటని తనే అడిగింది. ఇచ్చాను. పదిహేనేళ్ళ కొలతలు చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. ఇంత చక్కగా రాసిన కేస్ షీటు తన దగ్గరికి ఎప్పుడూ రాలేదంది. నేల చీలితే బాగుండుననిపించింది నాకు. ఆ పుస్తకం నిజం చెప్పింది కానీ నేను చెప్పలేదు కదా.

దీన్ని లిపిడీమా అంటారని చెప్పింది డాక్టరమ్మ. దాదాపు ఆడవాళ్ళకే వస్తుందట. వయసుకొచ్చినప్పుడో, కాన్పులప్పుడో, నెలసరి ఆగే రోజుల్లోనో మొదలవుతుంది. రెండు కాళ్ళలో సమానంగా కొవ్వు పేరుకుంటుంది, ఒక్కోసారి చేతుల్లో కూడా. పాదాల జోలికి రాదు. ముట్టుకుంటే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం. తిండి తగ్గిస్తే మిగతా ఒళ్ళు తగ్గుతుంది, ఇది మాత్రం మొండికేస్తుంది. కుటుంబాల్లో నడుస్తుంది. చూడగానే లావు అనేస్తారు కాబట్టి డాక్టర్ల దగ్గర కూడా చాలామందికి పేరు తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయట. లక్షణాలన్నీ అటువైపే ఉన్నాయి కానీ, వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి థైరాయిడ్ పరీక్ష, నరాల స్కానింగు రాసింది.

"ఇది నువ్వు తిని తెచ్చుకున్నది కాదమ్మా," అంది ఆ పిల్లతో. "మాడితే పోయేదీ కాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు, అది ముందే చెప్తున్నా. నొప్పి తగ్గించొచ్చు, పెరగకుండా చూసుకోవచ్చు. ఇంతకీ పొద్దున ఏం తిన్నావ్?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ వాళ్ళమ్మ వైపు తిరిగి, మీ కాళ్ళు కూడా ఒకసారి చూడొచ్చా అని అడిగింది. ఆమె అటూ ఇటూ చూసింది. నేను తలుపు దగ్గర తెర లాగాను. కూర్చునే, చీర మోకాళ్ళ దాకా ఎత్తింది. కట్టుకున్న భర్త ముందు కూడా దీపం వెలుగులో ఎత్తలేదని తర్వాత నాతో అంది. అవే కాళ్ళు. అదే గీత, చీలమండ దగ్గర. అవే చిన్న పాదాలు. ఆ పిల్ల వంగి చూసి, నేల మీద కూర్చుండిపోయి, వాళ్ళమ్మ పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

అప్పుడు వాళ్ళమ్మ చెప్పింది, మాలో ఎవరి ముఖమూ చూడకుండా. "పెండ్లైన కొత్తల మా అత్త గీ కాళ్ళు చూసి, దున్నపోతు లెక్క తింటదా ఏంది అన్నది. గప్పటి సంది రాత్రి అన్నం బంద్ చేసిన. కాళ్ళు తగ్గలే. అందుకే దీన్ని సుత తిననీయలే."

డాక్టరమ్మ కాసేపు కాగితాల మీద ఏదో రాసుకుంది, రాయడానికి ఏమీ లేకపోయినా. తర్వాత, పరీక్షలు రేపైనా చేయించుకోవచ్చు, ముందు ముగ్గురూ వెళ్ళి టిఫిన్ చేయండి అంది.

పరీక్షల్లో వేరే ఏ కారణమూ కనబడలేదు. లిపిడీమానే అని తేలింది. ఇద్దరికీ కాళ్ళని పట్టి ఉంచే సాక్సులు వచ్చాయి, తల్లికి చేతులకి తొడుగులు కూడా. వ్యాయామం నేర్పారు, వేళకి ఏం తినాలో రాసిచ్చారు. ఆ పిల్ల క్లాసులో ఒక ఎత్తు స్టూలు వేయించుకుంది, గంటకి పది నిమిషాలు కూర్చుని చెప్తుంది. నొప్పి సగానికి తగ్గిందంటుంది. కాళ్ళు సన్నబడలేదు. నన్ను క్షమించడానికి మూడు నెలలు పట్టింది. మూడు నెలల తర్వాత వచ్చి, సాక్సుల మీదికి సరిపోయేలా ప్యాంటు కుట్టమంది. కొలిచి ఎంత వచ్చిందో అంతే చదివాను, నెమ్మదిగా, తనకి మాత్రమే వినిపించేలా. మాస్టర్ ఆ తర్వాత దుకాణంలో కొలతలు తీసే చోట ఒక తెర కట్టించారు. అందరి ముందూ చదివే పని లేకపోతే అబద్ధం చెప్పే పని కూడా లేదు. అంత చిన్న ఉపాయం ముప్పై ఏళ్ళు మాకెందుకు తట్టలేదో.

మీరు డాక్టర్లు కారు, నేనూ కాను. టేపు పెట్టి జబ్బు పేరు చెప్పకండి, బోదకాలు అన్న మాట అసలే ఎత్తకండి. కానీ ఊళ్ళో ఆడవాళ్ళ ఒంటి లెక్కలు మనకి తెలిసినంతగా వాళ్ళ ఇంట్లో వాళ్ళకి కూడా తెలియవు. నడుము తగ్గి తొడ తగ్గకపోతే, ముట్టుకుంటే ఉలిక్కిపడితే, మచ్చలు కనబడితే, పక్కకి పిలిచి ఒకసారి కాళ్ళు చూపించుకొమ్మని చెప్పండి. మేం వెళ్ళింది రక్తనాళాల డాక్టర్ దగ్గరికి. ఒక డాక్టర్ తల ఎత్తకపోతే ఇంకొకరి దగ్గరికి పొమ్మనండి. నేనైతే ఇప్పుడు పని మానేసి సుఖంగానే ఉన్నాను. మనవరాలి గౌన్లు తప్ప ఏమీ కుట్టను. అది ఎదిగిందో లేదో దానికి ఉన్నది ఉన్నట్టు చెప్తాను, అది ఏడుస్తుంది.

ఆ రోజు టిఫిన్ సంగతి చెప్పలేదు కదా. పంజగుట్ట చౌరస్తా దగ్గర ఒక హోటల్లో కూర్చున్నాం. నేను మూడు ప్లేట్లు పూరీ చెప్పాను. ఆ పిల్ల ముందు ప్లేటుని కాస్త పక్కకి జరిపింది. తర్వాత ఒక చిన్న ముక్క తుంచింది, ఇంకోటి తుంచింది, ఇక ఆగలేదు. ఆలుగడ్డ కూర పిసరంత కూడా మిగల్చకుండా తిని, వేళ్ళు నాకి, సిగ్గుపడి వాళ్ళమ్మ వైపు చూసింది. ఇన్నేళ్ళూ కంచంలోంచి అన్నం తీసేసిన మనిషి ఆమే కదా. వాళ్ళమ్మ తన ప్లేటు ఖాళీ చేసి నీళ్ళు తాగుతోంది. గ్లాసు కింద పెట్టి, వడ్డించే అతన్ని చెయ్యెత్తి పిలిచింది.

"ఇంకో రెండు ప్లేట్లు తీస్కరా భయ్యా," అంది. "ఒకటి నా బిడ్డకు, ఒకటి నాకు."